దానపత్రంలో పదహారు మైళ్ళు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో మా లెక్కల మాస్టారు కూర్చున్నారు. ఈ వయసులో కూడా ఆయన్ని చూస్తే చేతులు వాటంతటవే కట్టుకుంటున్నాయి. కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలిచ్చారు. వెనకాల గాడిపొయ్యి మీంచి పప్పుచారు వాసన వస్తోంది కాబట్టి ఆ గీత దాటను.

నన్ను మాట్లాడమన్నది దాతలు, వాళ్ళిచ్చిన సేకరణలు, మ్యూజియంల గురించి. ఈ విషయమే ఎందుకు పెట్టారో మీలో చాలామందికి తెలుసు. మన సీనియర్ ఒకాయన నలభై ఏళ్ళుగా కూడబెట్టిన పాత నాణేలు, తాళపత్రాలు, ఇత్తడి దీపాలు, కొయ్యబొమ్మలు, పుస్తకాలు అన్నీ మన స్కూలుకిచ్చేస్తానన్నారు. తన పేరు బయటపెట్టొద్దన్నారు, పెట్టను. కార్యవర్గంలో కొందరు రేపే లారీ పంపిద్దామంటున్నారు. కొందరు మనకెందుకండీ ఈ బరువు అంటున్నారు. రెండు పక్షాలతోనూ ఫోన్లో గంటలు గంటలు మాట్లాడాను. నాకు కళ గురించి పెద్దగా తెలియదు. నా ఉద్యోగమంతా బిల్డింగులతోనే, అందులోనూ ఎక్కువగా పాతవాటి మరమ్మతులతో. కాబట్టి నాకు తెలిసిన దారిలోంచే, అంటే పైకప్పు వైపు నుంచే, ఒక మ్యూజియం కథ చెబుతాను.

మ్యూజియం అనగానే మనందరికీ గుర్తొచ్చేది సాలార్ జంగే. ఎక్స్‌కర్షన్‌కి వెళ్ళి, గంట కొట్టే గడియారం ముందు నేల మీద కూర్చుని, చిన్న గడ్డం మనిషి బయటికొచ్చి గంట కొట్టగానే చప్పట్లు కొట్టి, మేలిముసుగు రెబెక్కా దగ్గర అది రాయా బట్టా అని వాదులాడుకుని వచ్చినవాళ్ళమే అందరం. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు మాత్రం మిమ్మల్ని స్కాట్లాండులోని గ్లాస్గో నగరానికి తీసుకెళ్ళాలి. అక్కడ బరెల్ కలెక్షన్ అనే మ్యూజియం ఉంది. పని మీద ఆ ఊరు వెళ్ళినప్పుడు ఒక పూట చూద్దామని వెళ్ళి రెండు రోజులు ఉండిపోయాను. వస్తువుల కోసం ఒక రోజు, కప్పు కోసం ఒక రోజు. టికెట్టు లేదు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

సర్ విలియం బరెల్ 1861లో గ్లాస్గోలో పుట్టాడు. ఓడల వ్యాపారం ఆ కుటుంబానిది, తాతగారి నాటినుంచీ ఉంది. పద్నాలుగో ఏట చదువు మాని కంపెనీలో చేరాడు. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ వ్యాపారం అందుకున్నారు. వాళ్ళు డబ్బు చేసిన పద్ధతి మన వ్యాపారస్తులకు వెంటనే అర్థమవుతుంది. ఓడల మార్కెట్టు పడిపోయి, ఓడలు కట్టే యార్డులు పనిలేక ఖాళీగా ఉన్నప్పుడు చవగ్గా ఒకేసారి బోలెడన్ని ఓడలకు ఆర్డరిచ్చేవాళ్ళు. గిరాకీ పెరిగాక మంచి ధరకు అమ్మేసేవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఓడలకు ఎక్కడలేని ధర పలుకుతుంటే చాలామటుకు అమ్మేసి, ఆ తర్వాత మిగిలిన జీవితమంతా కళావస్తువులు కొనడానికే పెట్టాడు.

చిన్నప్పుడు క్రికెట్ బ్యాటు కొనుక్కోమని తండ్రి ఇచ్చిన డబ్బుతో ఒక బొమ్మ కొనుక్కొచ్చాడని ఆయన గురించి ఒక కథ చెబుతారు. నిజమో కాదో గాని, స్వభావానికి సరిపోయే కథ. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇంకొకటి. 1911 నుంచి తను కొన్న ప్రతి వస్తువూ ఏమిటి, ఎప్పుడు కొన్నది, ఎవరి దగ్గర కొన్నది, ఎంత ఇచ్చింది, అన్నీ మన బడిపిల్లలు రాసుకునే నోటుపుస్తకాల్లాంటి వాటిలో రాసుకున్నాడు. అలాంటివి 28 ఉన్నాయి. లక్షల పౌండ్ల సరుకుకు చవక నోటుపుస్తకమే ఖాతా. బేరంలో గట్టి మనిషి. రాజులతో, అమెరికా కోటీశ్వరులతో పోటీపడేంత డబ్బు తన దగ్గర లేదని తెలిసి, తొందరపడకుండా, ధర దిగేదాకా కాచుకుని కొన్నవాడు.

ఏం కొన్నాడు? చైనా కుండలు, కంచు పాత్రలు, మధ్యయుగపు యూరప్ గోడతెరలు రెండు వందలకు పైగా, చర్చిల రంగుటద్దాల పలకలు ఏడు వందలకు పైగా, పర్షియా తివాచీలు, ఈజిప్టు గ్రీసు శిల్పాలు, ఫ్రాన్సు చిత్రకారుడు దెగా వేసిన బొమ్మలు ఇరవైకి మించి. నేను ఎక్కువసేపు నిలబడింది ఒక బౌద్ధ భిక్షువు విగ్రహం ముందు. నిలువెత్తు మట్టి బొమ్మ, కాల్చి పచ్చా పసుపూ మెరుపు పూత వేసింది. మింగు వంశపు కాలానిది, దాని మీద ఉన్న సంవత్సరం మన లెక్కలో 1484. అంత పెద్ద మట్టిబొమ్మను పగలకుండా కాల్చాలంటే బట్టీలో వేడి ఎంత నిదానంగా ఎక్కించి ఎంత నిదానంగా దించాలో మన కుమ్మరుల నడిగితే చెబుతారు. దాన్ని చేసినవాడు ఎవడో గాని, నా దృష్టిలో వాడు ఇంజనీరు.

1944లో, ఎనభై దాటిన వయసులో, బరెల్ దంపతులు దాదాపు 6,000 వస్తువుల్ని గ్లాస్గో నగరానికి రాసిచ్చారు. బిల్డింగు కోసం 4,50,000 పౌండ్లు కూడా ఇచ్చారు. యుద్ధం ఇంకా నడుస్తోంది. అలాంటి రోజుల్లో ఒక నగరానికి అంతకంటే పెద్ద కానుక ఏముంటుంది? ఆ తర్వాత కూడా ఆయన ఊరుకోలేదు. 1958లో 96వ ఏట పోయేదాకా ఇంచుమించుగా కొంటూనే ఉన్నాడు, నగరం పేరు మీద. మొత్తం 9,000 దాకా చేరాయి.

దానపత్రంలో షరతులున్నాయి. మ్యూజియం గ్లాస్గో నడిబొడ్డునుంచి కనీసం 16 మైళ్ళ దూరంలో ఉండాలి. కిల్లర్న్ అనే పల్లెకు 4 మైళ్ళ లోపల ఉండాలి. తన కోటలోని మూడు గదుల్ని, అంటే హాలు, భోజనాల గది, కూర్చునే గది, ఉన్నవి ఉన్నట్టు మ్యూజియంలో మళ్ళీ కట్టాలి. తనిచ్చిన వస్తువుల్ని సముద్రం దాటించి వేరే దేశాలకు ప్రదర్శనకు పంపకూడదు.

వినగానే ముసలాయన చాదస్తం అనిపిస్తుంది. నాకు అలా అనిపించలేదు. ఆ రోజుల్లో గ్లాస్గో అంటే బొగ్గు. ఫ్యాక్టరీలు, రైళ్ళు, ప్రతి ఇంటి పొయ్యీ బొగ్గుతోనే. బొగ్గు పొగలో గంధకం ఉంటుంది, ఆ వాయువు గాలిలో తేమతో కలిస్తే ఆమ్లం అవుతుంది. ఉన్ని, పట్టు నేసిన ఐదు వందల ఏళ్ళనాటి తెర మీద ఆ ఆమ్లం, దాని మీద మసి పేరుకుంటే, ఉతకలేం, దులపలేం. దారం పిండిలా రాలిపోతుంది. పొగ ఎంత దూరం వస్తుందో చూసుకుని ఆయన 16 మైళ్ళు అన్నాడు. సముద్రం సంగతంటారా, జీవితమంతా ఓడలు నడిపినవాడు ఓడలో ఎక్కించిన సరుకు ఎన్ని రకాలుగా పాడవుతుందో మనకు చెప్పాలి గాని, మనం ఆయనకు చెప్పేదేముంది?

షరతు తప్పు కాదు. చిక్కు ఎక్కడంటే, కారణం కాకుండా అంకె మాత్రమే పత్రంలో బిగుసుకుపోయింది. మా ఒప్పందాల్లో కూడా ఇదే జరుగుతుంది. ఫలానా పని ఫలానా గట్టితనం ఇవ్వాలి అని రాస్తే కాంట్రాక్టరు ఏదో ఒక దారి వెతుకుతాడు. ఫలానా ఊరి ఇసుకే వాడాలి అని రాస్తే ఆ ఇసుక దొరకని రోజు పని ఆగిపోతుంది. గ్లాస్గోలో పని ఆగిపోయింది. ఏళ్ళ తరబడి స్థలాలు వెతికారు. ఒక ఎస్టేటు కుదిరినట్టే అయింది, ఆ చుట్టుపక్కల బొగ్గు గని తవ్వుతారని తేలి అదీ పోయింది. పొగకు భయపడి ఊరు వదిలి వెళ్తే అక్కడా బొగ్గే ఎదురొచ్చింది. వస్తువులేమో పెట్టెల్లో, గోదాముల్లో ఉన్నాయి. అప్పుడప్పుడూ కొన్నిటిని బయటికి తీసి వేరే మ్యూజియంలలో చూపించేవారు, అంతే. బరెల్ తన మ్యూజియం పునాదిరాయి కూడా చూడకుండానే పోయాడు.

దారి రెండు వైపుల నుంచి తెరుచుకుంది. 1956లో బ్రిటన్‌లో గాలి శుభ్రత చట్టం వచ్చి ఊళ్ళలో పొగ తగ్గడం మొదలైంది. 1960లలో పాలక్ అనే ఎస్టేటును, 361 ఎకరాల చెట్లూ పచ్చికబయళ్ళతో సహా, యాన్ మాక్స్‌వెల్ మాక్‌డోనల్డ్ అనే ఆవిడ నగరానికి దానమిచ్చింది. అది ఊరి మధ్య నుంచి మూడు మైళ్ళే. బరెల్ ధర్మకర్తలు కూర్చుని, ఆయనకు కావలసింది శుభ్రమైన గాలే గాని అంకె కాదని ఒప్పుకుని, 16 మైళ్ళ షరతు సడలించారు. ఒక దాత ఇచ్చిన చిక్కును ఇంకొక దాత విప్పింది. ఈవిడ పేరు మ్యూజియం మీద లేదు. నేనైతే గుమ్మం దగ్గర చెక్కించేవాణ్ణి.

తర్వాత ఆర్కిటెక్టులకు పోటీ పెట్టారు. 242 నమూనాలు వచ్చాయి. 1971 మొదట్లో బ్రిటన్‌లో తపాలా సమ్మె జరిగి పోటీ గడువు పొడిగించారు. గెలిచిన బ్యారీ గాసన్ బృందం తమ నమూనా పంపగలిగింది ఆ పొడిగింపు వల్లనే. పోస్టుమాన్లు సమ్మె చేయకపోతే ఆ బిల్డింగు లేదు. 1983 అక్టోబరు 21న ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. దానపత్రం రాసిన 39 ఏళ్ళకు, దాత పోయిన పాతికేళ్ళకు.

బిల్డింగు అందమైనది, అందులో సందేహం లేదు. ఎర్ర ఇసుకరాయి, కలప దూలాలు, ఒక వైపంతా గాజు గోడ. గాజుకు అవతల అడవి, ఇవతల విగ్రహాలు. నడుస్తుంటే చెట్ల మధ్య విగ్రహాలున్నాయా, విగ్రహాల మధ్య చెట్లున్నాయా అన్నట్టుంటుంది. బరెల్ కొన్న పాతకాలపు రాతి ద్వారబంధాల్ని ఊరికే నిలబెట్టి చూపించకుండా గోడల్లోనే కట్టేశారు, వాటిలోంచే మనం నడిచి వెళ్తాం.

కానీ ఎక్కువ గాజు, ఎక్కువ కీళ్ళు, ఎక్కువ లోయలున్న కప్పు అంటే మా వాళ్ళకు ముందే గుండె దడ. గాజు ఒక లెక్కన వ్యాకోచిస్తుంది, లోహం ఇంకొక లెక్కన, కలప తేమను బట్టి ఇంకొక లెక్కన. వీటి మధ్య సందుల్లో పెట్టే రబ్బరుకూ, పూతకూ పదిహేను ఇరవై ఏళ్ళ ఆయుష్షు ఉంటే గొప్ప. గ్లాస్గోలో వాన మన శ్రావణమాసంలా కుండపోతగా కురవదు, ఏడాది పొడవునా సన్నగా కురుస్తూనే ఉంటుంది. కప్పుకు అదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఆరడానికి సమయం దొరకదు. చివరికి ఆ మ్యూజియంలో వాన పడితే బకెట్లు పెట్టుకునే పరిస్థితి వచ్చింది. ఆలోచించండి. పొగ తగలకూడదని 16 మైళ్ళు దూరం పెట్టమన్న గోడతెరల దగ్గరికి వాన నీళ్ళు నేరుగా నెత్తిమీంచి వచ్చాయి. దానపత్రంలో పొగ గురించి ఉంది, సముద్రం గురించి ఉంది, నగరం వంతుకు వదిలేసింది ఏమిటంటే రోజువారీ కాపలా. వాన కన్నం వెతికిందక్కడే.

2016 అక్టోబరులో మూసేశారు. ఐదేళ్ళకు పైగా మూసే ఉంచి, కప్పు, గాజు, వేడి చేసే యంత్రాలు, దీపాలు అన్నీ మార్చి, చూపించే చోటు 35 శాతం పెంచి, 2022 మార్చి 29న తెరిచారు. ఖర్చు 6 కోట్ల 82 లక్షల 50 వేల పౌండ్లు. 1944 నాటి పౌండు వేరు, నేటి పౌండు వేరు, కాబట్టి బరెల్ ఇచ్చిన నాలుగున్నర లక్షలతో దీన్ని నేరుగా పోల్చకూడదు. అయినా ఒక సంగతి మాత్రం కళ్ళకు కడుతుంది. దాత ఇచ్చింది కట్టడానికి. నిలబెట్టడానికి అయిన ఖర్చు నగరానిది, లాటరీ సొమ్ముతో నడిచే వారసత్వ నిధిది, తర్వాతి తరం చందాదార్లది. 2023లో బ్రిటన్‌లో ఆ ఏటి మేటి మ్యూజియంగా బహుమతి కూడా వచ్చింది. బహుమతి అందరూ చూస్తారు, నేను మాత్రం పైకి చూస్తూ నడిచాను. కాపలా ఉద్యోగి ఒకాయన అనుమానంగా వెంటపడ్డాడు. నేను కప్పులు చూసేవాణ్ణని చెబితే నవ్వి, బకెట్లు ఎక్కడెక్కడ ఉండేవో చూపించాడు.

సముద్రం దాటకూడదన్న షరతు కూడా చివరికి మారింది. దానికి స్కాట్లాండు పార్లమెంటు 2014లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. ఒక మనిషి 1944లో రాసిన వాక్యాన్ని మార్చడానికి 70 ఏళ్ళ తర్వాత ఒక పార్లమెంటు కూర్చుంది. ఇది మంచిదా కాదా అని అక్కడ చాలా వాదనలు జరిగాయి. చచ్చిపోయినవాడికిచ్చిన మాట తప్పుతారా అని ఒక పక్షం, ఆయన భయపడింది నాటి ఓడలకు గాని నేటి విమానాలకు కాదని ఇంకొక పక్షం. నన్నడిగితే రెండో పక్షమే. అయితే మార్చే దారి మొదటినుంచే పత్రంలో ఉంటే పార్లమెంటు దాకా వెళ్ళే పని ఉండేది కాదు.

ఇప్పుడు సాలార్ జంగ్ దగ్గరికి వస్తాను. మూడో సాలార్ జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, 1949 మార్చి 2న పోయారు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. బరెల్‌కు నేరుగా వ్యతిరేకం. షరతులు రాసిన దానపత్రం లేదు. ఉన్నది ఇల్లంతా నిండిన వస్తువులూ, బంధువర్గమూను. అయినా 1951 డిసెంబరు 16న, ఆయన నివసించిన దివాన్ దేవిడీలోనే, నెహ్రూ గారు మ్యూజియం తెరిచారు. 1958లో వారసులు కోర్టులో రాజీకి వచ్చి సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చారు. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న బిల్డింగులోకి వచ్చింది. మనం చూసింది ఆ బిల్డింగే.

గ్లాస్గోలో అన్నీ పక్కాగా రాసిచ్చాక జనం చూడ్డానికి 39 ఏళ్ళు పట్టింది. హైదరాబాదులో దానపత్రం లేకపోయినా రెండేళ్ళ తొమ్మిది నెలల్లో జనం చూడగలిగారు. ఉన్న ఇంటి తలుపులే తీశారు కాబట్టి. అక్కడ సర్దింది బాగుందా, ఏది అసలు ఏది నకలు అన్నవి తర్వాతి ప్రశ్నలు. సర్దడం ఎప్పుడైనా సర్దుకోవచ్చు. చూసే కళ్ళే లేకుండా రెండు తరాలు గడిచిపోతే ఆ నష్టం పూడ్చలేం. అందుకే మన విషయంలో కొత్త హాలు కట్టేదాకా ఆగుదాం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. మన పాత లైబ్రరీ గది ఉంది. అక్కడ మొదలుపెడదాం.

గ్లాస్గోలో మన హైదరాబాదు ముచ్చట ఇంకొకటి ఉంది, ఇది కొంచెం చేదుది. అదే నగర మ్యూజియంల సంస్థ దగ్గర ఒక తల్వారు ఉండేది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1903 ఢిల్లీ దర్బారులో ప్రదర్శించిన కత్తి. అది 1905లో నిజాం సంగ్రహం నుంచి దొంగతనంగా బయటికి వచ్చి, అప్పటి హైదరాబాదు ప్రధాని చేతుల మీదుగా జనరల్ సర్ ఆర్చిబాల్డ్ హంటర్‌కు అమ్ముడుపోయిందని ఆ మ్యూజియం వాళ్ళే ప్రకటించారు. 1978లో హంటర్ కుటుంబంవారు మ్యూజియానికి దానమిచ్చారు. ఇచ్చినవాళ్ళు మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు. 2022 ఆగస్టులో గ్లాస్గోలోని కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో, ఆ కత్తితో పాటు ఉత్తర భారతంలోని గుళ్ళ నుంచి పోయిన ఆరు వస్తువుల్ని కూడా మన దేశానికి తిరిగి ఇవ్వడానికి భారత ప్రభుత్వంతో ఒప్పందం సంతకాలు చేశారు. దొంగతనం అన్న మాటను నిజాం వంశీకుల్లో కొందరు ఒప్పుకోలేదని పేపర్లలో చదివాం. ఎవరిది నిజమన్నది మన పని కాదు. 1905లో అమ్మినవాడూ కొన్నవాడూ పోయాక, 117 ఏళ్ళ తర్వాత మిగిలిన కాగితాలతోనే అది తేల్చుకోవాల్సి వచ్చింది.

బరెల్ నోటుపుస్తకాలు చూస్తే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇందుకే. తాళపత్రాలు ఏ ఊరివి, ఏ ఇంటివాళ్ళిచ్చారు, దీపాలు ఏ గుడివి అయినా ఉన్నాయా, కొన్నారా, ఊరికే తెచ్చుకున్నారా, ఇవన్నీ మన సీనియర్ గారికి ఈరోజు తెలుసు. ఆయన ఆరోగ్యంగా ఉన్నారు, జ్ఞాపకం దివ్యంగా ఉంది. ఆయన చెబుతుంటే రాసుకునే పిల్లలు మనకు తొమ్మిది, పది తరగతుల్లో నూట యాభై మంది ఉన్నారు. తెలుగు మాస్టారు గారు, సోషల్ టీచరమ్మగారు ఒప్పుకుంటే ప్రతి శనివారం మధ్యాహ్నం నలుగురు పిల్లలు ఆయన ఇంటికి వెళ్ళి కూర్చోవచ్చు. వస్తువు కన్నా ముందు పుస్తకం రావాలి. లారీ తర్వాత.

షరతుల విషయానికొస్తే, ఆయన నన్ను అడిగారు కాబట్టి చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. మీకేం కావాలో రాయండి, ఎందుకు కావాలో కూడా రాయండి. తాళపత్రాలు బయటికి ఇవ్వకూడదంటే, పాడవుతాయని ఇవ్వకూడదా, పోతాయని ఇవ్వకూడదా రాయండి. రేపు వాటిని ఫోటోలు తీసి కంప్యూటర్‌లో పెడదామన్నప్పుడు మన తర్వాతవాళ్ళు మీ మనసు కనుక్కోగలగాలి. గది మీ అమ్మగారి పేరు మీద ఉండాలంటే తప్పకుండా ఉంటుంది. గది మారితే పేరు కూడా వెంట వెళ్తుందని రాద్దాం. ఆయన నవ్వి, మీరు ఇంజనీర్లు అన్నిటికీ డ్రాయింగు వేస్తారయ్యా అన్నారు. వేయాలి మరి.

డబ్బు మాట కూడా అనేస్తాను, పెద్దలు కోప్పడకండి. కార్యవర్గం వేసిన అంచనాలో అద్దాల బీరువాలున్నాయి, శంకుస్థాపన రాయి ఉంది, ప్రారంభోత్సవానికి షామియానా కూడా ఉంది. పదో ఏట కప్పు మీద పూత మళ్ళీ వేయడానికి ఒక్క రూపాయి లేదు. చెదల మందుకు లేదు. కరెంటు బిల్లుకు లేదు. తాళపత్రాలు మరీ ఎండితే పెళుసెక్కుతాయి, చెమ్మ తగిలితే పురుగు పడుతుంది. మన పెద్దలు నిమ్మగడ్డి నూనె రాసి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టి వందల ఏళ్ళు కాపాడారు. ఏటా ఒకసారి తీసి తుడిచే మనిషి ఉండేవాడు ఆ ఇంట్లో. ఆ మనిషికి జీతం మనం ఇవ్వాలి. వచ్చిన విరాళంలో సగం బ్యాంకులో వేసి, వడ్డీ మాత్రమే వాడుకుంటూ, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని తీర్మానం చేయమని కోరుతున్నాను. బీరువాలు ఇనుపవైనా ఫరవాలేదు, టేకువి తర్వాత చేయించుకుందాం. రంగుల ఫ్లెక్సీ లేకపోతే కొంపలేమీ మునగవు.

ఇక లైబ్రరీ గది. నిన్న సాయంత్రం ఎక్కి చూశాను. స్లాబు గట్టిదే, కట్టిన మేస్త్రీ మంచివాడు. ఈశాన్యం మూల నీళ్ళు పోయే గొట్టంలో రావి మొక్క మొలిచింది, దాని వేరు స్లాబులోకి దిగకముందే తీయాలి. పడమటి గోడ పైన పాత మరక ఉంది. అది ఇప్పటికీ ఊరుతోందా, పాతదా అన్నది చూపుతో తేలదు. వేసవి సెలవుల్లో, పిల్లలు లేనప్పుడు, కప్పు మీద చుట్టూ మట్టిగట్టు కట్టి రెండంగుళాల నీళ్ళు నిలబెడదాం. మూడు రోజులు ఉంచి, కింద సున్నం మీద కొత్త మచ్చ వస్తుందేమో పొద్దునా సాయంత్రం చూద్దాం. మచ్చ రాకపోతే జూన్‌లో బీరువాలు పెట్టొచ్చు. వస్తే ముందు కప్పు పని, సీనియర్ గారితో నేనే మాట్లాడతాను. నిచ్చెన, నీళ్ళ మోటారు నావి. మట్టి మోయడానికి మా 1984 బ్యాచ్ వాళ్ళు పదిమంది చేతులెత్తారు, వాళ్ళలో ఆరుగురికి మోకాళ్ళ నొప్పులు. కాబట్టి కుర్ర బ్యాచ్‌ల వాళ్ళు ఎవరైనా వస్తే భోజనాల దగ్గర నాకు పేర్లివ్వండి. సెలవు.